వెయ్యి గజాల గురి: చేతి నిలకడ ఎంత, గాలి లెక్క ఎంత, మనసు ఎంత

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన 6 పతకాల్లో 3 షూటింగ్‌లోనే వచ్చాయి. మను భాకర్ ఒంటరిగా ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఒకటి గెలిస్తే, స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం తెచ్చాడు. అప్పటి నుంచి విశాఖలో పిల్లల ట్యూషన్ల గురించి మాట్లాడుకునే చోట కూడా ఈ ఆట ప్రస్తావన వస్తోంది. దాంతోపాటు ఒక గందరగోళమూ మొదలైంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఎవరో కిలోమీటరు అవతల వేలాడుతున్న ఇనుప పలకను దుర్భిణి బిగించిన రైఫిల్‌తో కొడతారు; తూటా తగిలిన శబ్దం మూడు క్షణాలు ఆలస్యంగా వెనక్కి వస్తుంది. కుశాలే ఆడిన ఆటా, ఈ వీడియోలో కనిపించేదీ ఒకటేననీ, దూరం పెరిగే కొద్దీ చెయ్యి మరింత నిలకడగా, చూపు మరింత చురుగ్గా ఉంటే సరిపోతుందనీ చాలామంది అనుకుంటున్నారు.

ఈ అభిప్రాయం సగమే నిజం. చేతి నిలకడ ఒక హద్దు వరకు ఉండి తీరాలి. ఆ హద్దు దాటాక ఫలితాన్ని నిర్ణయించేది వేరు. తూటా తప్పినప్పుడు ఆ తప్పులో తన వాటా ఎంత, రైఫిల్ వాటా ఎంత, గాలి వాటా ఎంత అని నిజాయతీగా విడదీసి చూడగలగడమే దూరపు గురిలో అసలైన నైపుణ్యం. ఆ విడదీత ఎలా సాగుతుందో మొదటి మెట్టు నుంచి చూద్దాం.

దూరం అంటే ఎంత దూరం

ఒలింపిక్స్‌లో రైఫిల్ పోటీలు ఇప్పుడు రెండే దూరాల్లో ఉన్నాయి: గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌కు 10 మీటర్లు, 0.22 అంగుళాల తూటా వాడే పాయింట్ టూ టూ రైఫిల్‌కు 50 మీటర్లు. 300 మీటర్ల పోటీ 1972 మ్యూనిక్ క్రీడలతో ఒలింపిక్స్ నుంచి తప్పుకుంది, ప్రపంచ చాంపియన్‌షిప్పుల్లో మాత్రం నిలిచింది. అసలైన దూరపు గురి ఆ తర్వాత మొదలవుతుంది. 1876లో అమెరికాలో ఆరంభమైన పాల్మా పోటీని నేటికీ 800, 900, 1000 గజాల దూరాల నుంచి ఆడతారు. స్థలాలు కొని అమ్మే ఊళ్లో గజం అంటే కొత్తగా చెప్పనక్కర లేదు కానీ, ఇక్కడ అది చదరపు గజం కాదు, పొడవు; 1000 గజాలంటే 914 మీటర్లు.

ఆ దూరం కళ్లకు కట్టాలంటే ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి పనికొస్తుంది. దాని పొడవు 91 మీటర్ల పైచిలుకు. అలాంటివి పదింటిని ముక్కుకు తోక తగిలేలా వరుసగా పెడితే 1000 గజాలు అవుతుంది. కుశాలే పతకం తెచ్చిన 50 మీటర్లు ఒక్క కురుసురలో సగానికి కాస్త ఎక్కువ. ఎయిర్ రైఫిల్ పది మీటర్లు దాని వెడల్పు కంటే రెండున్నర మీటర్లే ఎక్కువ.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తొలగించుకోవచ్చు. పాల్మా పోటీలో దుర్భిణి ఉండదు. బోర్లా పడుకుని, చేతికి చుట్టుకున్న పట్టీ ఆసరాతో, చిన్న రంధ్రంలోంచి చూస్తూ పది జలాంతర్గాముల అవతల ఉన్న నల్లటి గుండ్రం మీద గురి పెడతారు. దుర్భిణి, కింద ఆనించుకునే స్టాండు అనుమతించే ఎఫ్ క్లాస్ అనే విభాగం తర్వాత కెనడాలో పుట్టింది. ఆ 'ఎఫ్' దాన్ని మొదలుపెట్టిన జార్జ్ ఫార్కర్సన్ ఇంటిపేరులోని మొదటి అక్షరం.

కోణంలో కొలిస్తే కనిపించే వింత

ఈ ఆటలో తప్పును సెంటీమీటర్లలో కన్నా కోణంలో కొలవడం సౌకర్యం. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నిమిషం. షూటర్లు దీన్ని ఎంఓఏ అంటారు. ఒక నిమిషం కోణం 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు, 50 మీటర్ల దగ్గర దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు, 1000 గజాల దగ్గర సుమారు 27 సెంటీమీటర్లు. గడియారంలో నిమిషాల ముల్లు పొట్టిదైనా పొడవుదైనా తిరిగే కోణం ఒకటే, మొన కదిలే దూరం మాత్రం పొడవును బట్టి పెరుగుతుంది కదా, ఇదీ అంతే.

ఇప్పుడు లక్ష్యాల్లో పది పాయింట్ల వలయాన్ని ఈ కొలతలోకి మార్చి చూద్దాం. 50 మీటర్ల రైఫిల్‌కు ఆ వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు నిమిషం కన్నా తక్కువ. 300 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, అంటే ఒక నిమిషానికి కాస్త ఎక్కువ. అమెరికాలో వాడే 1000 గజాల లక్ష్యంలో 51 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు నిమిషాలు. కోణంలో చూస్తే వెయ్యి గజాల లక్ష్యం 50 మీటర్ల లక్ష్యం కన్నా రెండింతలకు పైగా పెద్దది. కుశాలే నిలకడతో రైఫిల్ పట్టుకోగలిగిన వ్యక్తికి, మధ్యలో గాలి అనేదే లేకపోతే, వెయ్యి గజాల పది తేలికగా దొరకాలి. దొరకదు. లక్ష్యం చిన్నది కావడం వల్ల కాదు, మధ్యలో 914 మీటర్ల గాలి ఉండటం వల్ల. ఈ వ్యాసంలో ఒక్క లెక్కే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఇది గుర్తుంచుకోండి.

గుంపు బాగుండటం వేరు, చోటు బాగుండటం వేరు

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవారికి పాయింట్ టూ టూ రైఫిల్, పాత టార్పాలిన్ మీద బోర్లా పడుకోవడం, మోచేతుల కింద గుచ్చుకునే గులకరాళ్లు గుర్తుండే ఉంటాయి. నేను మొదటిసారి కాల్చిన 5 రౌండ్లలో 4 కాగితానికి ఎడమ కింది మూలన, రూపాయి నాణెం కప్పేసేంత దగ్గరగా పడ్డాయి. నల్ల గుండ్రాన్ని ఒక్కటీ తాకలేదు. సిగ్గుతో కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతుంటే ఉస్తాద్ (మాకు కాల్చడం నేర్పే శిక్షకుడు) లాక్కుని, ఆ నాలుగు చిల్లుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, దూరంగా పడిన ఐదోదాని పక్కన ప్రశ్నార్థకం గీసి, "ఈ నాలుగూ రైఫిల్‌వి, ఆ ఒక్కటీ నీది" అన్నాడు. మధ్యలో కొట్టిన మా స్నేహితుడి కాగితం మీద చిల్లులు అరచేయంత మేర చెల్లాచెదురుగా ఉన్నాయి; అతణ్ని మాత్రం మళ్లీ పడుకోబెట్టాడు.

ఆ రోజు అన్యాయంగా తోచిన ఆ తీర్పులో ఈ విద్యకు పునాది ఉంది. ఒకే చోట పడిన తూటాలు, అవి ఎక్కడ పడినా, షూటర్ ప్రతిసారీ ఒకే పని ఒకే విధంగా చేశాడని చెబుతాయి. చోటును సైటు (రైఫిల్ మీద గురి చూసే అమరిక) మర తిప్పి సరిచేయవచ్చు. చెల్లాచెదురును ఏ మరా సరిచేయలేదు. దూరం పెరిగే కొద్దీ ఈ తేడా మరింత కఠినమవుతుంది. రైఫిల్ వెనుక భాగానికీ నాళం మొనకూ మధ్య మీటరు పొడవుందనుకుంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు, వెయ్యి గజాల దగ్గర 91 సెంటీమీటర్లు తప్పుతుంది.

కిందికి పడటం: పెద్ద అంకె, చిన్న సమస్య

తూటా నాళం దాటిన క్షణం నుంచి చేతిలోంచి జారిన రాయిలాగే కిందికి పడటం మొదలుపెడుతుంది. పడే దూరం సమయాన్ని బట్టి ఉంటుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌కు 10 మీటర్లు దాటడానికి సెకనులో 17వ వంతు చాలు, ఆ లోపల సెంటీమీటరున్నర పడుతుంది. సెకనుకు 320 మీటర్ల వేగంతో బయల్దేరే పాయింట్ టూ టూ తూటా 50 మీటర్లలో 12 సెంటీమీటర్ల పైన పడుతుంది. సెకనుకు 800 మీటర్లతో మొదలయ్యే పెద్ద రైఫిల్ తూటాకు వెయ్యి గజాలు చేరడానికి సుమారు 1.6 సెకన్లు పడుతుంది. ఆ లోపల అది పది మీటర్లకు పైగా, అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు, కిందికి దిగుతుంది. అందుకే నాళాన్ని ఆ మేరకు పైకెత్తి ఉంచుతారు, తూటా చూపు గీత మీదుగా సుమారు మూడు మీటర్ల ఎత్తుకు లేచి మళ్లీ దిగి వస్తుంది.

అంకె పెద్దదే అయినా ఇది షూటర్‌ను నిద్రపోనివ్వని సమస్య కాదు. భూమ్యాకర్షణ ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండదు. పోటీలో దూరం ముందే తెలుస్తుంది, పట్టిక చూసి మర తిప్పితే సరిపోతుంది. దూరం తెలియని చోట మాత్రం పది మీటర్ల అంచనా తప్పు కూడా వెయ్యి గజాల దగ్గర పావు మీటరు తేడా తెస్తుంది. తూటాల వేగాల్లో తేడా కూడా ఇలాంటిదే: రెండు తూటాల తొలి వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే అంత దూరంలో ఒకటి రెండోదాని కన్నా పావు మీటరు కింద పడుతుంది. ఖరీదైన తూటాలకు డబ్బు ఎందుకు పోస్తారో ఇక్కడ అర్థమవుతుంది. వేగం ఎక్కువ కావడానికి కాదు, అన్నీ ఒకే వేగంతో పోవడానికి.

గాలి ఎందుకు అంత కష్టం

మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డులో నిలబడితే సముద్రం మీద నుంచి వచ్చే గాలి గంటకు 16 కిలోమీటర్లు, అంటే సెకనుకు నాలుగున్నర మీటర్లు ఉందనుకుందాం. ఆ గాలి తూటా దారికి సరిగ్గా అడ్డంగా వీస్తే ఎంత పక్కకు నెడుతుంది? చాలామంది గుణకారం చేస్తారు: నాలుగున్నర మీటర్లు, 1.6 సెకన్లు, కాబట్టి ఏడు మీటర్లకు పైగా. ఎండుటాకు అయితే ఆ లెక్క సరిపోయేది. తూటా ఎండుటాకులా కొట్టుకుపోదు.

గిరగిర తిరుగుతూ పోయే తూటా తనకు ఎదురొచ్చే గాలి వైపు ముక్కు తిప్పుకుంటుంది. అడ్డగాలి కలిసినప్పుడు ఆ ఎదురుగాలి సూటిగా కాకుండా రవ్వంత ఏటవాలుగా వస్తుంది. అప్పుడు తూటాను వెనక్కి లాగే నిరోధంలో చిన్న భాగం పక్కకు పనిచేస్తుంది. కాబట్టి పక్కకు జరిగే దూరం మొత్తం ప్రయాణ సమయం మీద కాక, గాలి నిరోధం వల్ల జరిగిన ఆలస్యం మీద ఆధారపడుతుంది. లెక్క ఇలా సాగుతుంది. నిరోధమే లేకపోతే 914 మీటర్లను సెకనుకు 800 మీటర్ల వేగంతో 1.14 సెకన్లలో దాటేది. నిజానికి 1.6 సెకన్లు పట్టింది. ఆలస్యం 0.46 సెకన్లు. దాన్ని నాలుగున్నరతో హెచ్చిస్తే 2 మీటర్ల పైచిలుకు. అదే గాలిలో 300 మీటర్లకు ఆలస్యం సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే, కాబట్టి పావు మీటరు. పాయింట్ టూ టూకు 50 మీటర్లలో ఆలస్యం ఇంకా తక్కువే అయినా 3 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. అంటే సరిగ్గా మధ్యలో పడాల్సిన పది కాస్తా ఏడు అవుతుంది.

ఈ లెక్క నుంచి రెండు సంగతులు తేలుతాయి. దూరం మూడింతలైతే గాలి ప్రభావం మూడింతలు కాదు, ఎనిమిదింతల పైన అవుతుంది. గాలిని తట్టుకోవడానికి తూటా కేవలం బరువుగానో వేగంగానో ఉంటే చాలదు, దారిలో వేగం కోల్పోకుండా ఉండే ఆకారం కావాలి.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. వెయ్యి గజాల దగ్గర పది వలయం వ్యాసార్ధం పావు మీటరు. సెకనుకు ఒక మీటరు గాలి 46 సెంటీమీటర్లు నెడుతుంది. కాబట్టి మిగతావన్నీ సరిగ్గా ఉన్నా, గాలి అంచనాలో సెకనుకు అర మీటరు, అంటే గంటకు 2 కిలోమీటర్లు తప్పితే పది చేజారుతుంది. మనిషి నింపాదిగా నడిస్తే ముఖానికి తగిలే గాలి వేగంలో అది సగం కూడా కాదు. పైగా ఆ గాలి ఒక చోట లేదు, 914 మీటర్ల పొడవునా ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. దిశ కూడా లెక్కలోకి రావాలి. గాలి 45 డిగ్రీల ఏటవాలుగా వస్తే ప్రభావం సగం ఉంటుందని కొత్తవారు అనుకుంటారు. నిజానికి 70 శాతం ఉంటుంది, సగం కావాలంటే 30 డిగ్రీలకు తగ్గాలి.

మరి చదవడం ఎలా? రేంజి (కాల్పుల మైదానం) పొడవునా జెండాలు ఉంటాయి. గడ్డి, చెట్ల ఆకులు, దుమ్ము ఉంటాయి. అన్నిటికన్నా సూక్ష్మమైన ఆనవాలు ఎండమావి. నేల వేడికి పైకి లేచే గాలి తెరలు దుర్భిణిలో నీటి అలల్లా కనిపిస్తాయి. గాలి లేనప్పుడు అవి నిట్టనిలువుగా మరుగుతున్నట్టు ఉంటాయి, చిరుగాలికి వాలతాయి, గాలి పెరిగే కొద్దీ అడ్డంగా పారతాయి; మరీ బలపడితే చెదిరి కనిపించకుండా పోతాయి. జెండా కదలనంత సన్నని గాలిని కూడా ఎండమావి పట్టిస్తుంది. ఎండలో తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు మనల్ని మోసం చేసేదే ఇక్కడ నిజం చెబుతుంది.

దగ్గరి గాలి ముఖ్యమా, దూరపు గాలి ముఖ్యమా అన్న వాదన అనుభవజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. దగ్గరి గాలి ముఖ్యమనేవారి వాదన సరళమైనది: మొదట్లోనే పక్కకు మళ్లిన తూటా మిగిలిన దూరమంతా ఆ మళ్లింపుతోనే పోతుంది, చివర్లో తగిలిన గాలికి పనిచేయడానికి దూరమే మిగలదు. రెండో పక్షం వారు మధ్య భాగాన్ని చూపిస్తారు: అక్కడ తూటా మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది, ఎత్తుకు పోయే కొద్దీ గాలి బలంగా ఉంటుంది, చివరి భాగంలో తూటా వేగం తగ్గి ఉంటుంది. అన్ని చోట్లా గాలి సమానమైతే మొదటివారిదే సరైన లెక్క అని నాకనిపిస్తుంది. కానీ మన తీరంలో గాలి ఎప్పుడు సమానంగా ఉంది? ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కైలాసగిరి లాంటి కొండలు ఉన్న చోట ఒకే సమయంలో ఇటు గాలి, అటు నిశ్చలం, మధ్యలో సుడి ఉండటం మామూలే. తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి పొద్దెక్కాక ఆగి, కాసేపు ఉక్కపోసి, తర్వాత సముద్రం మీద నుంచి నేల వైపు తిరుగుతుంది. ఆ మధ్యలో నిలిచిపోయే కాసేపు షూటర్‌కు వరంలా కనిపిస్తుంది. ఏ క్షణాన ఎటు తిరుగుతుందో తెలియని ఆ సమయమే ఎక్కువ మోసం చేస్తుంది.

తేమ, కొండ ఎత్తు, భూభ్రమణం

విశాఖ ఉక్కపోత గాలి బరువుగా ఉంటుందని మన శరీరం చెబుతుంది. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. నీటి అణువు భారం 18, నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. ఆవిరి చేరిన గాలి కొద్దిగా తేలికవుతుంది, తూటాకు అడ్డు కొద్దిగా తగ్గుతుంది. ఆ తేడా చాలా చిన్నది. ఎత్తు ప్రభావం అంతకన్నా పెద్దది: 900 మీటర్ల పైన ఉన్న అరకులో, అదే ఉష్ణోగ్రత దగ్గర, గాలి సాంద్రత తీరంలో కన్నా దాదాపు పదో వంతు తక్కువ. సముద్ర మట్టం దగ్గర సిద్ధం చేసుకున్న పట్టిక కొండ మీద అలాగే వాడితే తూటాలు పైకి పడతాయి.

భూమి తిరగడం వల్ల తూటా పక్కకు పోతుందన్న మాట వీడియోల్లో గొప్పగా చెబుతారు. ప్రభావం నిజమే. మన అక్షాంశం 17.7 డిగ్రీల దగ్గర, వెయ్యి గజాల్లో అది కుడి వైపుకు సుమారు 3 సెంటీమీటర్లు. ఇంగ్లండ్‌లోని ప్రసిద్ధ బిస్లీ రేంజి ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ 8 సెంటీమీటర్ల పైన. తూర్పు ముఖంగా కాలిస్తే మన దగ్గర సుమారు 10 సెంటీమీటర్లు పైకి, పడమర ముఖంగా అంతే కిందికి తేడా వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ నిలువు ప్రభావం పెరుగుతుంది. తూటా స్వయంగా తిరగడం వల్ల వచ్చే పక్క జరుగుడు సుమారు 20 సెంటీమీటర్లు. వీటన్నిటినీ గంటకు 2 కిలోమీటర్ల గాలి తప్పు పక్కన పెట్టి చూస్తే ఏది ముందు నేర్చుకోవాలో తెలుస్తుంది. భూభ్రమణం గురించి గంటసేపు మాట్లాడి జెండా వైపు చూడనివారిని ఏమనాలో పాఠకులకే వదిలేస్తున్నాను.

శరీరం: పట్టు కన్నా ఆసరా

కొత్తవారు రైఫిల్‌ను కండబలంతో గురి మీద నిలబెడతారు. కండరం అలసిపోతుంది, వణుకుతుంది. నేర్చినవారు బరువును ఎముకల మీద, నేల మీద, పట్టీ మీద వేస్తారు. పడుకుని గురి పెట్టి, కళ్లు మూసుకుని, రెండు శ్వాసలు తీసి వదిలి, కళ్లు తెరిచి చూస్తారు. గురి పక్కకు జరిగి ఉంటే రైఫిల్‌ను నెట్టరు. పొట్టను ఇరుసుగా చేసుకుని శరీరం మొత్తాన్ని రవ్వంత తిప్పుతారు. శరీరం సహజంగా ఎటు చూస్తోందో లక్ష్యం అటే ఉండాలన్నది దీనిలోని సూత్రం. ట్రిగ్గర్ నొక్కాక కూడా కొన్ని క్షణాలు కదలకుండా ఉంటారు, ఎందుకంటే తూటా నాళం దాటడానికి పట్టే ఒకటి రెండు మిల్లీసెకన్లలో జరిగిన కదలిక కూడా దానికి అంటుకుంటుంది.

ఊపిరి విషయంలో పాత సలహా "బిగబట్టు" అని. నిజానికి బిగబట్టిన కొద్ది సెకన్లకే చూపు మసకబారడం, వణుకు మొదలవుతాయి. ఊపిరి వదిలాక మళ్లీ తీసుకునే లోపు సహజంగా వచ్చే విరామంలో కాల్చడమే ఇప్పుడు ఎక్కువమంది నేర్పే పద్ధతి. ట్రిగ్గర్ విషయంలో రెండు బడులున్నాయి: ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత నెమ్మదిగా ఒత్తిడి పెంచాలనేది ఒకటి, గురి కుదిరిన క్షణాన తెలిసి తెలిసి నొక్కాలనేది రెండోది. మొదటిది పేలుడుకు ముందే ఉలిక్కిపడే అలవాటును మాన్పిస్తుంది కాబట్టి నేర్చుకునే దశకు మేలు. గాలి రెండు క్షణాలే అనుకూలంగా ఉండే చోట రెండోది లేకపోతే పని జరగదు.

గుండె కొట్టుకోవడం కూడా రైఫిల్‌ను కదుపుతుంది. 1987లో ఫిన్లండ్ పరిశోధకులు నిపుణులు గుండె సడలే దశలో ట్రిగ్గర్ నొక్కుతున్నట్టు గమనించారు. తర్వాతి కొన్ని పరిశీలనల్లో సంబంధం అంత స్పష్టంగా కనబడలేదు. గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గించే బీటా బ్లాకర్ మందులను ఈ ఆటలో నిషేధించారన్నది మాత్రం వివాదం లేని విషయం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ కిమ్ జోంగ్ సు ఆ మందు వాడినందుకే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు.

మనసు: ఆఖరి తూటా చెప్పిన రెండు కథలు

2008 బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్ ఆఖరి తూటాకు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లండ్‌కు చెందిన హెన్రీ హాకినెన్ సమానంగా ఉన్నారు. గరిష్ఠం 10.9 ఉండే ఆ తూటాకు బింద్రా 10.8 కొట్టాడు, హాకినెన్ 9.7 కొట్టి కాంస్యానికి జారాడు. ఈ కథ మన దేశంలో అందరికీ తెలుసు.

తక్కువగా తెలిసిన కథ అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్‌ది. 2004 ఏథెన్స్‌లో 50 మీటర్ల మూడు భంగిమల ఫైనల్‌లో ఆఖరి తూటాకు 7.2 వచ్చినా స్వర్ణం అతనిదే. గురి చక్కగా కుదిరింది, తూటా చక్కగా వెళ్లింది, పక్క వరుసలోని లక్ష్యంలోకి. సున్నా పాయింట్లతో ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో మళ్లీ అదే పోటీ, మళ్లీ ఆఖరి తూటాకు ముందు 3 పాయింట్లకు పైగా ఆధిక్యం. రైఫిల్‌ను లక్ష్యం మీదికి దించుతుండగానే వేలు ట్రిగ్గర్‌కు తగిలి 4.4 వచ్చింది, నాలుగో స్థానం దక్కింది. 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యం గెలిచాడు.

ఒత్తిడికి లొంగాడని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. కానీ ఏథెన్స్‌లో తప్పింది చెయ్యి కాదు, క్రమం. ప్రతి తూటాకు ముందు వరుస సంఖ్య చూసుకోవడమనే చిన్న పని, మనసును శాంతపరుచుకునే హడావిడిలో జారిపోయింది. అందుకే శిక్షకుల్లో చాలామంది "ప్రశాంతంగా ఉండు" అనడం కన్నా చేయాల్సిన పనుల వరుసను ప్రతి తూటాకూ మార్చకుండా పాటించమంటారు. దీనికి విరుద్ధమైన అభిప్రాయమూ ఉంది: మరీ వరుసకు కట్టుబడినవాడు గాలి మారినప్పుడు కూడా యంత్రంలా అదే చేస్తాడని. 10 మీటర్ల గదిలో మొదటి మాట దాదాపు పూర్తిగా సరిపోతుంది. వెయ్యి గజాల దగ్గర రెండో మాటకు బలం పెరుగుతుంది.

ఏకాగ్రత అనగానే మనకు ద్రోణుడి పరీక్ష గుర్తొస్తుంది. పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్న అర్జునుడికే బాణం వదిలే అనుమతి దొరికింది, చెట్టూ కొమ్మలూ కనిపిస్తున్నాయన్నవారు పక్కకు తప్పుకున్నారు. దూరపు షూటర్ ముందుగా చెట్టునూ కొమ్మలనూ ఆకుల కదలికనూ చూసి తీరాలి, ఆ తర్వాతే అర్జునుడు కావాలి. విశాలమైన చూపు నుంచి ఇరుకైన చూపుకు, తూటా పోయాక మళ్లీ విశాలమైన చూపుకు నిమిషానికి ఒకసారి మారగలగడమే ఇక్కడ ఏకాగ్రత.

దానికి తోడు ఒక అలవాటు కావాలి. తూటా పేలిన క్షణాన, ఫలితం కనిపించక ముందే, అది ఎక్కడ పడి ఉంటుందో షూటర్ తన నోటు పుస్తకంలో గుర్తు పెడతాడు. ఉదాహరణకు ట్రిగ్గర్ దగ్గర చిన్న కుదుపు తెలిసింది, తూటా 30 సెంటీమీటర్లు ఎడమకు పోయిందని రాసుకున్నాడు. లక్ష్యం మీద అది 40 సెంటీమీటర్లు ఎడమన కనిపించింది. అంటే గాలి వాటా 10 మాత్రమే. ఆ పదికే సైటు తిప్పాలి. రాసుకోనివాడు మొత్తం నలభైకి తిప్పుతాడు. తర్వాతి తూటా ఏ తప్పూ లేకుండా కాల్చినా 30 కుడికి పోతుంది. గాలి తిరిగిందనుకుని వెనక్కి తిప్పుతాడు. అలా పది తూటాలు గాలిని తిట్టుకుంటూ గడిచిపోతాయి. తన కుదుపును ఒప్పుకోవడానికి మనసొప్పకపోతే గాలి లెక్క ఎన్నటికీ కుదరదు. నైపుణ్యమూ మనస్తత్వమూ వేరువేరు అధ్యాయాలన్నట్టు పుస్తకాలు విడగొడతాయి గానీ, ఈ పుస్తకం పేజీ మీద రెండూ ఒకటే గీత.

సామగ్రి వాదన, విశాఖలో వీలయ్యేది

మంచి రైఫిల్ కొంటే సగం పని అయినట్టేనా అన్న ప్రశ్నకు పై లెక్కలే జవాబిస్తాయి. నిమిషం కోణంలో గుంపు వేసే రైఫిల్‌ను అర నిమిషానికి మార్చుకుంటే వెయ్యి గజాల దగ్గర ఆ గుంపు 27 సెంటీమీటర్ల నుంచి 13కు తగ్గుతుంది. గాలి అంచనా గంటకు 4 కిలోమీటర్లు తప్పేవాడికి ఆ లాభం కనిపించను కూడా కనిపించదు. గాలి బాగా చదివే ఇద్దరి మధ్య మాత్రం ఆ 14 సెంటీమీటర్లే పతకం. సామగ్రి అవసరం లేదనేవారూ, సామగ్రే సర్వస్వమనేవారూ వేర్వేరు మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్నారు.

మన ఊళ్లో ఆసక్తి ఉన్నవారు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. 4.5 మిల్లీమీటర్ల కొలతతో, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర లేదు. పాయింట్ టూ టూకు, అంతకు పైవాటికి 1959 ఆయుధ చట్టం కింద అన్ని నిబంధనలూ వర్తిస్తాయి. పాయింట్ టూ టూ చిన్నదే కదా అనుకునేవారు దాని తూటా కిలోమీటరున్నర దాకా పోగలదని తెలుసుకోవాలి, అందుకే ఎత్తైన మట్టి కట్ట ఉన్న ఆమోదిత రేంజి బయట దాని ప్రస్తావనే లేదు. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం, దాని కింద రాష్ట్ర సంఘాలు ఈ ఆటను నడుపుతాయి. వెయ్యి గజాల రేంజిలు మన దేశంలో ఎక్కువగా సైన్యం చేతిలో ఉంటాయి కాబట్టి సాధారణ పౌరుడికి ఆ దూరం దొరకడం కష్టం.

మరి పది మీటర్ల గదిలో నేర్చుకున్నది అంత దూరానికి ఎంత వరకు వెళ్తుంది? శరీరపు ఆసరా, ట్రిగ్గర్, కాల్చాక నిశ్చలంగా ఉండటం, పుస్తకంలో రాసుకోవడం యథాతథంగా వెళ్తాయి. గాలి చదవడం మాత్రం ఆ గదిలో దొరకదు. అయితే దానికి రైఫిల్ కూడా అక్కర లేదు. జాలరిపేట ఒడ్డున పడవల మీద ఎగిరే గుడ్డ జెండాలను ఉదయం ఆరింటికి ఒకసారి, పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి, గాలి వేగం ఎంతో ముందు మనసులో అనుకుని, తర్వాత చేతిలో ఇమిడే గాలి మీటరుతో సరిచూసి, అనుకున్నదీ ఉన్నదీ పక్కపక్కనే రాసుకోవచ్చు. ఈ వ్యాసం రాసే ముందు వారం రోజులు నేను అదే చేశాను. మొదటి రోజు నా అంచనాలు సగటున గంటకు 6 కిలోమీటర్లు తప్పాయి. ఏడో రోజుకు 4కు దిగాయి, అదీ గాలి స్థిరంగా ఉన్న మధ్యాహ్నాల్లోనే. పొద్దున్న పదింటి అంకెలు ఇప్పటికీ కుదరలేదు.